శ్రుతి పెట్టె దింపండి, మాత్రలు ఆపకండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లినప్పటి నుంచి ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. డాక్టర్ డిప్రెషన్ అని మాత్రలు రాశారు. మూడు వారాలైనా తేడా లేదు. రాత్రుళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విషాద గీతాలు వింటూ ఏడుస్తుంటాను. ఫలానా రాగం వింటే డిప్రెషన్ పోతుందని ఒక వీడియోలో చూశాను. మాత్రలు మానేసి అది ప్రయత్నించనా? చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్నాను కూడా. ఆ శ్రుతి పెట్టె ఇంకా అటక మీదే ఉంది.
– ఒక సోదరి, రాజమండ్రి

జవాబు: మానకండమ్మా. ఈ మందుల గుణం పూర్తిగా తెలియడానికి చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తేడా లేదన్న మాట డాక్టర్‌కే చెప్పండి. మోతాదు మార్చాలో, మందే మార్చాలో వారు చూస్తారు.

ఇక ఆ వీడియో సంగతి. ఈ జబ్బుకి ఈ రాగం అని చీటీ రాసిచ్చేవాళ్లను నేను నమ్మను. అలాగని సంగీతాన్ని తీసిపారేయను. ఫిన్లాండ్‌లో డిప్రెషన్ ఉన్న 79 మంది మీద చేసిన అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. మామూలు చికిత్సకు తోడు సంగీత చికిత్స కూడా అందినవాళ్లు మూడు నెలలకు మిగతావాళ్లకంటే ఎక్కువ తేరుకున్నారు. అయితే వాళ్లు పాటలు వింటూ పడుకోలేదు. థెరపిస్ట్‌తో కలిసి డోలు లాంటి వాద్యాల మీద తోచింది వాయించారు, అప్పుడు మనసులో మెదిలినదాని గురించి మాట్లాడుకున్నారు.

ఏడిస్తే కొంత బరువు దిగుతుంది, తప్పులేదు. కానీ అదే పాట పదోసారి పెట్టుకుంటున్నారంటే బాధను నెమరేస్తున్నట్టే. ఇయర్‌ఫోన్లు పడగ్గదిలోకి తీసుకెళ్లకండి.

నేర్చుకున్నాను ‘కూడా’ అని చివర్లో అన్నారు చూశారా, మీ ఉత్తరంలో నాకు నచ్చిన మాట అదే. పెట్టె దించి దుమ్ము దులపండి. అది పలకకపోతే ఫోన్‌లో శ్రుతి యాప్ చాలు. పొద్దున కాఫీ తాగాక మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, అదే మొదట్లో నేర్పే స్వర పాఠాలు, మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, పది నిమిషాలు. గొంతు జీరబోతుంది, పై షడ్జం (పై ‘స’) అందదు. అందకపోతే వదిలేయండి, వినడానికి సభ ఏమీ లేదుగా. పాడబుద్ధి కాని రోజు శ్రుతి వేసుకుని ఊరికే కూర్చోండి. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మాయిని కూడా ఒక వరుస పాడమనండి. నవ్వితే నవ్వనివ్వండి.

బతకాలని లేదు అన్న ఆలోచన వస్తే మాత్రం పాటతో సరిపెట్టుకోవద్దు. వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం నంబరు. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ నంబరు మీవారి ఫోన్‌లోనూ సేవ్ చేసి పెట్టండి.