మొబైల్ లైబ్రరీ వ్యాన్‌లో పుస్తకాలతో పాటు ఇంకేం పెట్టొచ్చు?

మీ ట్రస్టు పాత మినీబస్సు కొంటోందని, పుస్తకాలతో పాటు కంప్యూటర్లు, ఆధార్ పనులు, హెల్త్ చెకప్ అన్నీ అందులోనే పెట్టమంటున్నారని, లోపల ఎలా సర్దాలో చెప్పమని అడిగారు. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి వ్యాన్‌తో కొన్నేళ్లు తిరిగాను. నా మాట వింటే లోపలికన్నా ముందు బయట సంగతి చూడండి.

ఎంత పెద్ద బండైనా రాక్‌లు పెట్టాక లోపల నలుగురైదుగురికి మించి నిలబడలేరు. అసలు పనంతా చెట్టు కింద, పంచాయతీ ఆఫీసు అరుగు మీద జరుగుతుంది. కాబట్టి డోరు ఎడమవైపు, అంటే రోడ్డు అంచు వైపు ఉండాలి. ఆ పక్కనే మడతపెట్టే షెడ్డు, రెండు టేబుళ్లు, కుర్చీలు. మినీబస్సు మెట్టు ఎత్తుగా ఉంటుంది, పెద్దవాళ్లు చీరతో ఎక్కలేరు. కింద ఇంకో మెట్టు వేయించండి. రాక్‌లు కాస్త వెనక్కి వాలుగా ఉంటే గతుకుల్లో పుస్తకాలు పడవు. బరువు రెండువైపులా సమానంగా పడాలి.

ఇక సేవలు. ఆధార్ అప్‌డేట్ చేస్తామని ఎవరికీ ఆశ పెట్టకండి, వేలిముద్రలు, ఫొటో లాంటివి మార్చడం అధీకృత కేంద్రాల్లోనే అవుతుంది. సర్టిఫికెట్ల పని ఆంధ్రాలో గ్రామ సచివాలయం, తెలంగాణలో మీసేవ చూసుకుంటున్నాయి. మీ దగ్గరికి వచ్చేది అంతకు ముందే ఆగిపోయినవాళ్లు: ఏ కాగితం కావాలో తెలియనివాళ్లు, ఫారం నింపలేనివాళ్లు, ఉత్తరం చదివి పెట్టమనేవాళ్లు. ఒకావిడ బ్యాంకు నోటీసు కొంగున ముడేసుకుని వచ్చింది. బంగారం లోను కట్టకపోతే వేలం వేస్తామని. "అందరి ముందూ చదవొద్దు బాబూ" అంది. ఆ తర్వాత నుంచి రెండు కుర్చీలు బండి వెనకాల, క్యూకి కనబడకుండా వేస్తున్నాం. బీపీ చూసేది కూడా అక్కడే. క్యూ షెడ్డు కిందే తిరగాలి, డోరుకు అడ్డం రాకూడదు. లేకపోతే పుస్తకం కోసం వచ్చిన పిల్లాడు ఆ గుంపు చూసి అటునుంచటే పోతాడు.

నవంబరు వస్తే రిటైరైనవాళ్లు లైఫ్ సర్టిఫికెట్ కోసం, అంటే పెన్షన్ ఆగకుండా బతికే ఉన్నామని చూపించే కాగితం కోసం వస్తారు. వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకు ఫోన్లో ముఖం చూపించి చేసే ఫేస్ అథెంటికేషన్ ఉంది. మంచి ఫోను, సిగ్నల్ ఉంటే చాలు.

లైబ్రరీకి అన్నిటికన్నా బాగా అతికినవి మాత్రం కళ్లజోళ్లు. నలభై దాటినవాళ్లు చాలామంది "ఇప్పుడేం చదువుతాంలే" అంటారు. చదవడం రాక కాదు, దగ్గర అక్షరం ఆనక. +1 నుంచి +2.5 దాకా పవరున్న రీడింగ్ గ్లాసులు ఒక డబ్బాలో పెట్టాం, అక్కడే పెట్టుకుని చదివి తిరిగిచ్చేలా. ఒక పెద్దాయన జోడు తగిలించుకుని పేపరు తెరిచి ముందు వెతికింది ధాన్యం రేటు. శుక్లాలేమో అనిపిస్తే కంటి డాక్టరు దగ్గరికి పంపేయండి, జోడుతో సరిపెట్టొద్దు.

రూటు, టైము మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 1935లోనే గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు మా వైపు కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పడవలో లైబ్రరీ నడిపారు. ఊళ్లన్నీ కాలువ గట్టునే, రాకపోకలూ దాని మీదే. మీరు కూడా జనం ఎలాగూ చేరే చోట ఆపండి, పాల కేంద్రం, రేషన్ షాపు లాంటివి. ప్రతి వారం అదే రోజు, అదే టైము. కూలికెళ్లే ఆడవాళ్లు కావాలంటే సాయంత్రమే. ఎండాకాలం మధ్యాహ్నం రేకు టాపు కింద ఎవరూ నిలబడలేరు.

వ్యాన్ కొనడానికి దాతలు దొరుకుతారు. నెలనెలా డీజిల్, డ్రైవరు జీతం దగ్గరే టెన్షన్, అవి రెండేళ్లకు చేతిలో పెట్టుకుని దిగండి. బాడీ మార్చే ముందు ఆర్టీవో పర్మిషన్ తీసుకుని ఆర్‌సీలో ఎక్కించండి. ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా రాతపూర్వకంగా చెప్పండి, లేదంటే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.