నడక బృందంలో చేరితే సరిపోతుందా?

ప్రశ్న: మా కాలనీ పెద్దలు రోజూ ఉదయం పార్కులో కలిసి నడుస్తున్నారు. మా అత్తగారికి 72 ఏళ్లు. నిరుడు స్నానాల గదిలో జారిపడ్డారు. ఆ బృందంలో చేరితే మళ్లీ పడే ముప్పు తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పక చేర్పించండి, అయితే నడక ఒక్కటే చాలదు. గుండెకు, మధుమేహ నియంత్రణకు, మనసుకు నడక ఎంతో మేలు చేస్తుంది కానీ, పడిపోవడాన్ని తగ్గించే విషయంలో గట్టి రుజువులున్నది శరీరం తూలకుండా నిలదొక్కుకోవడం నేర్పే వ్యాయామాలకే. సొంత ఇళ్లలో ఉంటున్న వృద్ధుల్లో అవి పడిపోయే సందర్భాలను సుమారు 24 శాతం తగ్గించాయని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్ష తేల్చింది. 65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం 3 రోజులు ఇలాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.

కాబట్టి నడక ముగిశాక బృందమంతా కాసేపు ఆగి, బెంచీ మీద నుంచి మెల్లగా లేచి కూర్చోవడం, కమ్మీ పట్టుకుని మడమలెత్తి నిలబడడం, ఒక పాదం వేళ్లకు రెండో పాదం మడమ ఆనించి కొన్ని అడుగులు వేయడం సాధన చేయాలి. తూలితే పట్టుకోవడానికి పక్కన ఒకరుండాలి. నా దృష్టిలో బృందంతో అసలు లాభం, రాని రోజున “ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?” అని అడిగే మనిషి ఉండడమే.

ఆమె ఇదివరకే పడ్డారు కనుక ముందుగా వైద్యుడికి చూపించి, లేచి నిలబడగానే బీపీ పడిపోతోందేమో, వాడే మాత్రల్లో మగత తెచ్చేవి ఉన్నాయేమో, చూపు ఎలా ఉందో తెలుసుకోండి. హవాయి చెప్పులతో నడవనివ్వకండి. స్నానాల గది గోడకు పట్టుకోవడానికి గట్టి కడ్డీ ఈ వారమే పెట్టించండి.