హత్తిన్ యుద్ధం బోర్డు గేమ్ రూల్స్ తెలుగు చేసి అమ్మొచ్చా?

ప్రశ్న: నేను ఒంగోలులో లెక్చరర్‌ని. 1187 హత్తిన్ యుద్ధం మీద అమెరికా కంపెనీ వేసిన ఒక బోర్డు గేమ్ తెప్పించుకుని రెండేళ్ళుగా ఒక్కడినే ఆడుకుంటున్నా, ఒక టర్న్ ముస్లిం సుల్తాను సలాదీన్ వైపు కూర్చుని, మళ్ళీ లేచి అటెళ్ళి జెరూసలేం క్రైస్తవ రాజు గై వైపు. రూల్ బుక్ మొత్తం నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకున్నా, ఫొటోలు పంపుతున్నా. ఫ్రెండ్స్ కూడా అడుగుతున్నారు, డల్లాస్‌లో ఉన్న మా కజిన్ అక్కడ అమ్ముతానంటున్నాడు. మ్యాప్, కౌంటర్లు (దళాల బిళ్ళలు) స్కాన్ చేయించి తెలుగు రూల్స్‌తో ఒక 100 బాక్సులు అమ్మితే కేసవుతుందా? పోనీ అదే యుద్ధం మీద సొంతంగా గేమ్ చేస్తే వాళ్ళు ఆపగలరా?

జవాబు: మీ రెండో ప్రశ్నకే ముందు చెప్తా, ఎందుకంటే అసలు దారి అదే. హత్తిన్ యుద్ధం ఎవరి సొత్తూ కాదండి. జూలై 3న రాజు గై సెఫోరియా అనే ఊరి నీటి ఊటలు వదిలేసి తిబేరియాస్ పట్టణం వైపు సైన్యాన్ని నడిపించడం, నీళ్ళు దొరక్క ఆ రాత్రంతా మనుషులూ గుర్రాలూ దాహంతో అల్లాడిపోవడం, తెల్లారాక సలాదీన్ సైన్యం ఎండుగడ్డికి నిప్పు పెట్టడం, చివరికి ఆ జంట కొమ్ముల కొండ దగ్గర రాజు పట్టుబడటం, ఇదంతా చరిత్ర. ఐడియాకి, ఇతివృత్తానికి, చారిత్రక విషయాలకి కాపీరైట్ ఉండదని 1978లోనే ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఆడే పద్ధతి కూడా అంతే. హెక్సు గళ్ళు (ఆరు మూలల గళ్ళు), శత్రువు పక్క గడిలోకి రాగానే ఆగిపోవడం, డైస్ వేసి టేబుల్‌లో ఫలితం చూడటం, గిన్నెలోంచి చిట్ తీసి ఏ దళం కదలాలో తేల్చడం (ఒక్కడే ఆడేవాడికి ఇది ప్రాణం, ఎందుకంటే తర్వాత ఎవరు కదులుతారో తనకే తెలీదు), వీటి మీద మన దేశంలో పేటెంట్ కూడా రాదు. ఆట ఆడే పద్ధతి ఇన్వెన్షన్ కాదని పేటెంట్స్ యాక్ట్ సెక్షన్ 3(ఎం)లో సూటిగా రాసుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. మీరు పంపిన ఫొటోలు చూశాను. వాళ్ళ రూల్ నంబరు 7.3 మీ నోట్‌బుక్‌లోనూ 7.3గానే ఉంది, దాని కింద ఉదాహరణలో వాళ్ళు వాడిన హెక్సు నంబరు కూడా మీ తెలుగులో అదే. ఇది అచ్చంగా అనువాదం. రూల్ బుక్ చట్టం లెక్కలో సాహిత్య రచనే, దాన్ని అనువదించే హక్కు కాపీరైట్ చట్టం సెక్షన్ 14 ప్రకారం హక్కుదారుదే, అమెరికాలో అచ్చయింది కదా అనుకోకండి, సెక్షన్ 40 కింద ఇచ్చిన ఆర్డర్ వల్ల ఇక్కడా రక్షణ ఉంటుంది. మ్యాప్, కౌంటర్ల మీది బొమ్మలు ఆర్టిస్టు గీసినవి, వాటికి వేరే కాపీరైట్. మీరొక్కరే ఆడుకోవడానికి రాసుకున్నంత వరకు సెక్షన్ 52 కాపాడుతుంది, కానీ అది పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టినా కూడా ఆ రక్షణ దాటిపోయినట్టే, అమ్మడం సంగతి చెప్పక్కర్లేదు. సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. దయచేసి స్కానింగ్ ఆలోచన మానుకోండి.

తెలుగు వెర్షనే కావాలంటే ఆ కంపెనీకి మెయిల్ రాసి అడగండి. ఒప్పుకుంటే రాతపూర్వకంగా, ఎన్నేళ్ళకి, ఏ ఏ దేశాల్లో, ఎన్ని కాపీలు, ఎంత రాయల్టీ అన్నీ రాయించుకోండి, మన చట్టంలో గడువు రాయకపోతే 5 ఏళ్ళు, ప్రాంతం రాయకపోతే ఇండియా అని లెక్కేస్తారు, అప్పుడు డల్లాస్‌లో ఉన్న మీ కజిన్ అక్కడ అమ్మడానికి కుదరదు.

కానీ నన్నడిగితే సొంత గేమే చేయండి. అదే నోట్‌బుక్ అంచున పెన్సిల్‌తో మీరు రాసుకున్న దాహం రూల్ చూశా, నీళ్ళు అందని ప్రతి టర్న్‌కీ దళం ధైర్యం ఒకటి తగ్గడం, పొగ గాలివాటున ఉన్న గళ్ళలో ఇంకొకటి తగ్గడం. ఆ మాటలు మీవి, ఆ కాపీరైట్ మీదే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించుకుంటే కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది. మ్యాప్ మీరే గీయించండి, గీసిన ఆర్టిస్టు దగ్గర హక్కులు రాయించుకోండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఇబ్న్ అల్ అథీర్ లాంటి ఆనాటి చరిత్రకారుల అరబిక్ మూలానికి ఇప్పుడు హక్కుదారు ఎవరూ లేరు, కానీ ఈ మధ్య వచ్చిన ఇంగ్లీషు అనువాదానికి ఉంటారు, అందులోంచి పేరాలు ఎత్తి రూల్ బుక్‌లో పెట్టకండి.

పేరు విషయంలో ఇంకా జాగ్రత్త. 2008లో స్క్రాబుల్ అనే పదాల ఆట కేసులో, దాన్ని పోలిన ఆన్‌లైన్ ఆట స్క్రాబ్యులస్ మీద, ఢిల్లీ హైకోర్టు మధ్యంతర దశలో బోర్డు, రూల్స్ మీద కాపీరైట్ వాదన ఒప్పుకోలేదు గానీ స్క్రాబ్యులస్ అనే పేరు మాత్రం వాడొద్దని ఆపేసింది. హత్తిన్ అన్న మాట వాడుకోవచ్చు, వాళ్ళ బాక్సు మీది టైటిల్‌ని, లోగోని గుర్తు చేసేలా మాత్రం ఉండకూడదు.

ఇంకోటి, 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకునేదిగా తయారుచేస్తే 2021 జనవరి నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) మార్కు లేకుండా అమ్మకూడదు. మీది పెద్దవాళ్ళ గేమే కాబట్టి బాక్సు మీద వయసు స్పష్టంగా వేయండి, స్కూళ్ళ ముందు స్టాల్ పెట్టి అమ్మకండి. డ్రాఫ్టులన్నీ తేదీలేసి దాచుకోండి, ఆ పెన్సిల్ పేజీ మాత్రం చెరపకండి.