కోతుల మీద రీసెర్చ్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చిత్తూరులో డిగ్రీ జువాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాననీ, కోతుల సంరక్షణ, జంతువుల సంభాషణ మీద పనిచేయాలని ఉందనీ, అందుకు ఆఫ్రికా వెళ్లాల్సిందేనా అనీ అడిగారు. అక్కర్లేదండీ. నేను తిరుపతిలో పీజీ చేసి, ఇప్పుడు బెంగళూరులో కోతుల అరుపుల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. కోతిని గమనించడం అలవాటైంది మాత్రం అలిపిరి మెట్ల మీదే.

ఆ దారిలో తిరిగేవి బానెట్ మకాక్‌లనే కోతులు. నడినెత్తి నుంచి టోపీలా పరుచుకున్న జుట్టు, పొడవాటి తోక. ఇవి దక్షిణ భారతదేశంలో తప్ప అడవుల్లో ఇంకెక్కడా లేవు. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ముప్పు జాబితాలోనూ ఉన్నాయి. ఉత్తరాది రీసస్ కోతులు కిందికి విస్తరిస్తూ వీటి చోటు ఆక్రమిస్తున్నాయి. కొండ మీద గుంపులు గుంపులుగా కనిపిస్తాయి కాబట్టి ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు.

ఇక సంభాషణ సంగతి. కోతి పళ్లు బయటపెడితే నవ్వుతోందని భక్తులు సెల్ఫీ తీసుకుంటారు. అది భయపడి లొంగిపోతున్నానని చెప్పడం. పెదాలు చప్పరిస్తే స్నేహం. నోరు గుండ్రంగా తెరిచి, కళ్లార్పకుండా చూస్తే మాత్రం మీ చేతిలోని ప్రసాదం కవర్ జాగ్రత్త! అరుపుల అర్థం ఇలా చూసి తేల్చలేం. కెన్యాలోని అంబోసెలిలో సేఫర్త్, చెనీ, మార్లర్ అనే శాస్త్రవేత్తలు ఏం చేశారంటే, వెర్వెట్ కోతుల హెచ్చరిక అరుపులు రికార్డు చేసి, చుట్టుపక్కల ఏ శత్రువూ లేనప్పుడు స్పీకర్ దాచిపెట్టి వినిపించారు. చిరుత అరుపు వినగానే చెట్లెక్కాయి, గద్ద అరుపుకి పైకి చూశాయి, పాము అరుపుకి నేల వెతికాయి. 1980లో వచ్చిన ఆ పేపర్ ముందు చదవండి. ఈ రంగంలో ప్రశ్న ఎలా వేయాలో అందులో తెలుస్తుంది.

చదువుతూనే ఒక పని పెట్టుకోండి. ఒక కోతిని ఎంచుకుని, పది నిమిషాలు అది చేసేదంతా టైముతో సహా రాయండి. గొడవ పడేవాటి వైపు కన్ను పోతుంది, ఆపుకోవాలి. తిండి పెట్టకండి, పెడితే మీరు చూసేది మీ అరటిపండు తెచ్చిన ప్రవర్తనే. మెట్ల దారి దాటి అడవిలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. 2023లో ఆ దారిలోనే చిరుత ఒక చిన్నారిని చంపింది, తెల్లవారుజామున ఒంటరిగా అసలే వద్దు.

అప్లికేషన్‌లో 'నాకు జంతువులంటే ప్రాణం' అని రాయడం కన్నా ఆ నోట్‌బుక్కే ఎక్కువ పనిచేస్తుంది. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఎమ్మెస్సీ, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వైల్డ్‌లైఫ్ మాస్టర్స్, రెండింటికీ పోటీ గట్టిగానే ఉంటుంది. పక్షుల పాటల మీద పరిశోధన చేసే ల్యాబ్ మన తిరుపతి ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యాసంస్థ)లోనే ఉంది. పక్షులని వదిలేయకండి. స్పెక్ట్రోగ్రామ్, అంటే శబ్దాన్ని బొమ్మగా చూపే గ్రాఫ్, చదవడం పిట్ట కూతకైనా కోతి అరుపుకైనా ఒకటే. స్టాటిస్టిక్స్ తప్పించుకోలేరు, ఆ టెన్షన్ ఇప్పుడే పడిపోండి.

ఇంట్లో మా నాన్న కూడా 'కోతుల మీద చదివి ఏం ఉద్యోగం' అనే అన్నారు. మొదట్లో ప్రాజెక్ట్ అసిస్టెంట్ జీతంతో ఇల్లు గడవదు, ఆ మాట ముందే చెప్పేయండి.

ఇంకొకటి. కోతుల దగ్గరే ఆగిపోకుండా దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్) గురించి కూడా ఆలోచించండి. అదీ ప్రైమేటే, అంటే కోతులుండే వర్గానిదే, రాత్రిళ్లు తిరుగుతుంది, ఈలలాంటి కూతలతో పలుకుతుంది. హెడ్‌ల్యాంప్‌కి ఎర్ర కాగితం కట్టి వెతికితే కళ్లు మెరిసి చోటు తెలిసిపోతుంది. అయితే చేతబడి పిచ్చితో దాన్ని పట్టేవాళ్లున్నారు కాబట్టి, ఎక్కడ చూశారో మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకండి.