చదివిన పుస్తకాల గురించి రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయిని ఆశీర్వదించి పెదనాన్న రాయునది.

ఈ ఏడాది నువ్వు చదివిన పుస్తకాల జాబితా, ఒక్కోదాని పక్కన రాసుకున్న అభిప్రాయాలతో సహా నాకు చేరింది. నాటకం, కథలు, కవిత్వం, ఆత్మకథ, డైరీ, అనువాద నవల, సైన్సు పుస్తకం... ఇన్ని రకాలు కలిపి చదివేవాళ్లంటే నాకు చాలా ఇష్టం. వీటి మీద నలుగురూ చదివేలా వ్యాసాలు రాయాలనుకుంటున్నానని, ఎలా రాయాలో చెప్పమని అడిగావు. నాకు తోచింది చెబుతాను.

ముందు ఆ మార్కులు కొట్టెయ్. కవిత్వానికి ఐదుకి నాలుగు, సైన్సు పుస్తకానికి మూడు అని వేశావు. ఆ నాలుగుకీ ఈ మూడుకీ మధ్య ఉన్న ఒక్క మార్కు ఏమిటో నువ్వు చెప్పలేవు, నేనూ చెప్పలేను. ఆ రెండు పుస్తకాలూ ఒకే పని మీద బయలుదేరినవి కావు. మార్కుల బదులు ఒక్కో పుస్తకం దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకో. ఇది ఏం చేద్దామని రాసిన పుస్తకం? అది నా విషయంలో ఏ పేజీలో జరిగింది, ఏ పేజీలో జరగలేదు? రెండో ప్రశ్నకు జవాబు వెతకడంలోనే నీ వ్యాసం తయారవుతుంది. పేజీ చూపించలేని అభిప్రాయం చాలాసార్లు ఎక్కడో విన్నదై ఉంటుంది, లేదా చదివిన రోజు నీ మనసు బాగాలేకపోవడమో బాగుండడమో అయి ఉంటుంది.

కన్యాశుల్కం పక్కన, ‘గిరీశం లాంటివాణ్ని ఇంత ముచ్చటగా చూపించడం నచ్చలేదు’ అని రాసి వదిలేశావు. నీ కాగితం మొత్తం మీద నాకు బాగా నచ్చిన వాక్యం ఇదే. ఇందులో ఒక మంచి వ్యాసం ఉంది. కాకపోతే నువ్వు తీర్పు చెప్పేసి ఊరుకున్నావు. పుస్తకం మళ్లీ తియ్యి. అతని మాటలకు నువ్వు ఎక్కడెక్కడ నవ్వావో గుర్తు పెట్టు. వెంకటేశానికి చదువు చెప్పే వంకతో అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో చేరినప్పుడు నవ్వే ఉంటావు. బుచ్చమ్మను లేవదీసుకుపోయే ఎత్తు వేస్తున్నప్పుడు కూడా నవ్వు ఆగలేదా? ఆగకపోతే, ఆ పిల్ల గతి ఏమిటన్నది ఆ కాసేపూ నీకు గుర్తులేదన్నమాట. గురజాడ మనల్ని కావాలనే అక్కడిదాకా నవ్వించుకుంటూ తీసుకువెళ్లారని నా నమ్మకం. నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. ‘నవ్వించడం వల్ల అతని తప్పు తేలికైపోయింది’ అని నువ్వు రాస్తే అదీ గట్టి వాదనే, ఏ సన్నివేశంలో తేలికైందో చూపించగలిగితే. పాత్ర మీద కోపం పుస్తకం మీదికి మళ్లకుండా చూసుకో, అంతే.

ఈ నాటకం గురించే ఇంకో సంగతి. ఇది 1897లో ఒకసారి అచ్చయింది. గురజాడ దాన్ని తిరగరాసి, బాగా పెంచి, 1909లో మళ్లీ వేయించారు. మనం ఇప్పుడు మామూలుగా చదివేది ఆ రెండో కూర్పే. ‘మధ్యలో సాగింది’ అన్నావు కదా, ఆ నిడివి రచయిత పన్నెండేళ్ల తరవాత ఏరికోరి తెచ్చుకున్నదని తెలిశాక కూడా నీకు సాగినట్టే అనిపించవచ్చు. అప్పుడు నీ ఫిర్యాదుకు పదును వస్తుంది: పెంచడం వల్ల ఏం కలిసింది, ఏం పలచబడింది అని అడగగలుగుతావు. సాగిందన్న చోట ఒక్క రంగమైనా పైకి చదివి చూడు. నాటకం చెవి కోసం రాసింది. కంటికి బరువైన సంభాషణ నోటికి వచ్చేసరికి పరుగెత్తడం నేను చాలాసార్లు చూశాను.

అమరావతి కథల మీద ‘చదివిన కొద్దీ ఒకేలా అనిపించాయి’ అన్నావు. అవి నూరు కథలు. సత్యం శంకరమంచి వాటిని వారపత్రిక కోసం, వారానికి ఒకటిగా రాశారు. వారం ఎడంతో చదవాల్సినవి రెండు పూటల్లో గబగబా చదివితే ఏ రచయితైనా ఒకేలా వినిపిస్తాడు. రోజుకు ఒకటి చొప్పున కొన్ని మళ్లీ చదివి, అప్పుడు రాయి.

గాంధీ ఆత్మకథ కూడా అలా వారంవారం వచ్చిందే. 1925 నుంచి 1929 దాకా నవజీవన్‌లో గుజరాతీలో వెలువడింది. అధ్యాయాలు అంత చిన్నవిగా, ఒక్కోటి ఒక్కో సంఘటనతో ముగిసిపోవడానికి అదొక కారణం. ఉప్పు సత్యాగ్రహం గురించి ఏమీ లేదని నిరాశపడ్డావు. అది జరిగింది 1930లో, ఈ పుస్తకం పూర్తయ్యాక. పుస్తకంలోని కథ 1920 నాగపూర్ కాంగ్రెస్ దగ్గరే ఆగిపోతుంది. పుస్తకంలో ఉండే వీలే లేని దాన్ని లోటుగా రాయకు. ఉండే వీలుండి కూడా లేనిదాన్ని పట్టుకో. ఆత్మకథ చదివేటప్పుడు కస్తూర్బా ఏమనుకుని ఉంటుందని అడుగుతూ చదువు. ఆవిడ గొంతు ఎక్కడ వినిపించింది, ఎక్కడ భర్త మాటల వెనక ఉండిపోయింది అని వెతికితే నీ వ్యాసం నీదవుతుంది.

ఆన్ ఫ్రాంక్ డైరీ దగ్గర మాత్రం నీతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. ‘చిన్నపిల్ల అమాయకంగా రాసుకున్న రాతలు, అందుకే అంత కదిలించాయి’ అని రాశావు. కదిలించిన మాట నిజం. కారణం తప్పు. 1944 మార్చిలో, యుద్ధకాలపు డైరీలూ ఉత్తరాలూ దాచిపెట్టమని లండన్ నుంచి డచ్ ప్రభుత్వ మంత్రి రేడియోలో కోరితే, నాజీలకు దొరక్కుండా దాక్కుని ఉన్న ఆ పిల్ల విన్నది. యుద్ధం అయ్యాక పుస్తకంగా వేయాలనుకుని తన డైరీని తనే విడి కాగితాల మీద తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని తీసేసింది, కొన్ని పెంచింది. ఆమె చనిపోయాక తండ్రి ఓటో ఫ్రాంక్ ఆ రెండు రూపాల నుంచీ ఏర్చి కూర్చి, కొన్ని భాగాలు వదిలేసి, 1947లో అచ్చు వేయించాడు. ఆ వదిలేసిన భాగాలు చాలావరకు తరవాతి కూర్పుల్లో చేరాయి. ఇంత తెలిశాక ‘అమాయకం’ అన్న మాట నిలుస్తుందా? పదిహేనేళ్ల పిల్ల తన వాక్యాలను తనే దిద్దుకుంటూ కూర్చుంది. జాలితో చదివితే ఆ పనితనం కనబడదు. మళ్లీ చదివి, ఆమె తన ఇంటివాళ్లను రెండు మాటల్లో ఎలా పట్టేస్తుందో, తన మీద తనకున్న అసహనాన్ని ఎలా దాచకుండా పెడుతుందో చూసి రాయి. రచయిత్రిగా గుర్తించడమే ఆమెకు మనం ఇవ్వగల మర్యాద.

జీవజాతుల పుట్టుక మీద డార్విన్ రాసిన పుస్తకానికి ‘పాతబడింది’ అన్నావు. 1859లో వచ్చిన పుస్తకం, పాతబడిన భాగాలు ఉంటాయి. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఎలా వస్తాయో ఆయనకు సరిగా తెలియదు. ఆ దారి చూపిన మెండెల్ వ్యాసం 1866లో అచ్చయినా, శాస్త్రవేత్తలు దాన్ని పట్టించుకున్నది 1900లో. అయినా నీలాంటి పాఠకురాలికి అందులో నేర్చుకోవలసినది ఉంది: తన సిద్ధాంతానికి వచ్చే చిక్కుల కోసమే డార్విన్ ఒక అధ్యాయం కేటాయించాడు. ఎదుటివాడు అడగబోయే ప్రశ్నను ముందే తను అడుగుతాడు. సైన్సు పుస్తకం మీద అభిప్రాయం చెప్పేటప్పుడు, ఏది కాలం చెల్లింది, ఏది ఇంకా పనిచేస్తోంది అని విడదీసి చెప్పు.

దొస్తోయెవ్‌స్కీ ‘నేరము - శిక్ష’ నవల తెలుగులో చదివి ‘భాష కృతకంగా ఉంది’ అన్నావు, అనువాదకుడి పేరు మాత్రం రాయలేదు. నువ్వు చదివిన ప్రతి తెలుగు వాక్యం ఆయన రాసిందే. పొగిడినా తిట్టినా పేరు చెప్పాలి. రష్యన్ నుంచే తెచ్చారా, ఇంగ్లీషు మీదుగా వచ్చిందా అన్నది పుస్తకం ముందు పేజీల్లో ఉందేమో చూడు. మనుషుల పేర్లు గందరగోళంగా ఉన్నాయన్నది మాత్రం అనువాదకుడి మీద వేయకు. రష్యన్లు ఒకే మనిషిని ఇంటిపేరుతో ఒకసారి, తండ్రి పేరు కలిపి ఒకసారి, ముద్దుపేరుతో ఒకసారి పిలుస్తారు. ఈ నవల నాయకుడు రస్కోల్నికోవ్, తల్లికి మాత్రం రోద్యా. ఎవరు ఎప్పుడు ఎలా పిలుస్తున్నారో గమనిస్తే వాళ్ల మధ్య దూరం తెలుస్తుంది. ఒక చిన్న కాగితం మీద పేర్లు రాసుకుని చదువు.

మహాప్రస్థానం గురించి తొందరపడి రాయకు. 1950లో పుస్తకంగా వచ్చినప్పటి నుంచీ దాని మీద లెక్కలేనంత రాశారు. చలం రాసిన ‘యోగ్యతా పత్రం’ పుస్తకం మొదట్లోనే ఉంటుంది కాబట్టి, చదివినవాళ్లలో చాలామంది ఆయన మాటలనే తమవిగా చెబుతుంటారు. నువ్వు ముందుమాట వదిలి గీతాలు చదువు, నీ నాలుగు మాటలు రాసిపెట్టుకో, తరవాత చలం దగ్గరికి వెళ్లు. కవిత్వం మీద రాసేటప్పుడు ఆవేశం, విప్లవం లాంటి పెద్ద మాటలు పక్కన పెట్టి, నీకు నోటికి వచ్చేసిన పాదాలు ఏవో, ఎందుకు వచ్చాయో చెబితే చాలు. లయ వల్లనైతే లయ అని చెప్పు.

పూర్తి చేయలేని పుస్తకాలు జాబితాలో పెట్టలేదు. అవీ పెట్టు. ఎక్కడ ఆపావో, ఎందుకు ఆపావో నిజాయితీగా రాస్తే అది చదివేవాళ్లకు ఎంతో పనికొస్తుంది. కానీ సగంలో వదిలిన పుస్తకం ముగింపు మీద తీర్పు చెప్పకూడదు. పరిచయస్తుల పుస్తకమైతే ఆ సంగతి మొదటి పేరాలోనే చెప్పెయ్. కథ మొత్తం తిరిగి చెప్పకు, రెండు మూడు వాక్యాలు చాలు. పుస్తకం ముగించిన రోజే కొంత రాసుకో. నెల తరవాత, ఆ కాగితం చూడకుండా మళ్లీ కొంత రాయి. రెండూ పక్కపక్కన పెడితే, నీలో ఏది మిగిలిందో, ఏది ఆ పూటకే పరిమితమో నీకే తెలుస్తుంది. ఆ తరవాతే ఇతరుల సమీక్షలు చదువు.

ముందు ఆన్ ఫ్రాంక్ మీద రాసి పంపు. నేను ఒప్పుకోని చోట పెన్సిల్‌తో గీత పెడతాను. గీత పెట్టానని మార్చేయకు, నీ దగ్గర ఆధారం ఉంటే పేజీ నంబరు వేసి నాతో వాదించు. ఆ ఉత్తరం కోసం చూస్తుంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న