క్లిప్పులకి ఇంటి దగ్గరి చిన్న క్లినిక్ చాలా, పెద్ద సెంటర్‌కే వెళ్లాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకి 12 ఏళ్లు. పైన కోరపళ్లు రెండూ ఎత్తుగా బయటికొచ్చాయి, కింద పళ్లు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి ఉన్నాయి. స్కూల్లో ఎవరో ఏదో అన్నారట, అప్పట్నుంచి ఫోటోల్లో నోరు తెరవట్లేదు. మా ఇంటి దగ్గర్లో పళ్లకి క్లిప్పులు వేసే ఆర్థోడాంటిక్ క్లినిక్ ఒకటి ఉంది, చిన్నదే, ఒక డాక్టరు, ఇద్దరు ముగ్గురు అసిస్టెంట్లు, రిసెప్షన్‌లో ఒకావిడ. అందరూ చాలా బాగా మాట్లాడారు, పాప కూడా ఇక్కడే వేయించుకుంటా అంటోంది. మా వారేమో మాటలు చూసి వెళ్లడమేంటి, దూరమైనా పెద్ద సెంటర్‌కే వెళ్దాం, వాళ్లు ఆర్నెల్లలో అయిపోతుందంటున్నారు అంటారు. ఈ డాక్టరు గారు రెండేళ్ల దాకా పట్టొచ్చన్నారు, పళ్లు తీయాల్సి రావచ్చు అని కూడా అన్నారు. భయంగా ఉంది, ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: పాప ఇక్కడే వేయించుకుంటా అందని రాశారు చూడండి, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఆ మాటేనండి. ఎందుకంటే క్లిప్పుల ట్రీట్‌మెంట్‌లో సగం పని డాక్టర్ది కాదు, పిల్లది. పై పళ్ల నుంచి కింద పళ్లకి తగిలించే చిన్న రబ్బర్లు రోజూ పెట్టుకోవాల్సింది తనే, వైరు చుట్టూ ఓపిగ్గా బ్రష్ చేసుకోవాల్సింది తనే, ఏదైనా ఊడితే దాచిపెట్టకుండా చెప్పాల్సింది కూడా తనే. నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి అదే కుర్చీలో కూర్చోవాలి, అలా దాదాపు రెండేళ్లు. ఆ మనుషులంటే భయమో విసుగో ఉన్న పిల్ల మొదట్లో బానే వస్తుంది, ఆర్నెల్లు పోయాక అపాయింట్‌మెంట్లు తప్పిస్తుంది, రబ్బర్లు డబ్బాలోనే ఉండిపోతాయి, ట్రీట్‌మెంట్ ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. కాబట్టి క్లినిక్ వాళ్లు బాగా మాట్లాడటం అనేది పైపై సంగతి కాదు, వైద్యంలో భాగమే అని నేను గట్టిగా నమ్ముతా. కాకపోతే మీ వారు అడిగిందీ న్యాయమైన ప్రశ్నే. బాగా మాట్లాడటం వేరు, బాగా చూసుకోవడం వేరు, ఆ తేడా ఎలా పట్టుకోవాలో చెప్తా.

ముందు ఆ ఆర్నెల్ల సంగతి. పన్ను ఎముకలోకి గోడలో మేకులా దిగ్గొట్టి ఉండదండి, పన్ను వేరుకీ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో సగం కూడా ఉండని ఒక పల్చటి పొర ఉంటుంది. వైరు పన్నుని మెల్లగా ఒకవైపు నెడితే, నెట్టిన వైపు ఎముకని కొన్ని కణాలు కరిగిస్తాయి, వెనకాల ఖాళీ అయిన వైపు ఇంకొన్ని కణాలు కొత్త ఎముకని కడతాయి. పన్ను జరగడమంటే ఇదే, సుమారుగా నెలకి ఒక మిల్లీమీటరు, ఒకరికి కాస్త ఎక్కువ ఒకరికి కాస్త తక్కువ. త్వరగా అవ్వాలని గట్టిగా లాగితే ఏమవుతుందంటే ఆ పొరలో రక్తం ఆడటం తగ్గిపోయి పన్ను అసలు కదలకుండా కొన్నాళ్లు ఆగిపోతుంది, నొప్పి ఎక్కువవుతుంది, వేరు కొస అరిగే ప్రమాదం కూడా పెరుగుతుంది. ముందు పళ్లు కొంచెం వంకరగా ఉండి, పై పళ్లూ కింద పళ్లూ కలిసే తీరు సరిగ్గానే ఉన్నవాళ్లకి ఆర్నెల్లలో అవ్వచ్చు, కాదనను. కానీ కోరపళ్లు పైకి ఎక్కి, కింద పళ్లు ఇరుక్కుని ఉన్న పిల్లకి ఎక్స్‌రే కూడా చూడకుండా ఆర్నెల్లని ఎవరు చెప్పినా నేనైతే ఒప్పుకోను. పాపని నేను చూడలేదు కాబట్టి ఎంత కాలమో నేనూ చెప్పలేను, కానీ "రెండేళ్ల దాకా పట్టొచ్చు" అన్న డాక్టరు మీకు వినడానికి ఇష్టమైనది కాకుండా నిజం చెప్పినట్టే నాకు అనిపిస్తోంది.

పళ్లు తీయడం గురించి భయపడకండి, అలాగని అడక్కుండా ఒప్పుకోకండి కూడా. పై కోరపన్ను మామూలుగా 11, 12 ఏళ్లకి వస్తుంది, అప్పటికే పక్క పళ్లన్నీ సీట్లు పట్టేసుకుని ఉంటాయి, చోటు లేక అది చిగురు పై నుంచి బయటికి వచ్చేస్తుంది. పాపకి జరిగింది బహుశా ఇదే. ఇప్పుడు దానికి చోటు కావాలి. దవడ కాస్త వెడల్పు చేసి ఆ చోటు తేవచ్చు, పళ్ల మధ్య పల్చగా అరగదీసి తేవచ్చు, వెనక పళ్లని ఇంకా వెనక్కి జరిపి తేవచ్చు, ఇవేవీ చాలకపోతే కోరపన్ను వెనకాల ఉండే చిన్న దవడ పన్ను తీసి తేవచ్చు. పళ్లు తీయాలా వద్దా అనే ఈ వాదన ఇవాళ్టిది కాదు. 1899లో పళ్ల అమరికని తరగతులుగా విడగొట్టిన ఎడ్వర్డ్ యాంగిల్, ఆర్థోడాంటిక్స్‌ని ఒక ప్రత్యేక విభాగంగా నిలబెట్టిన మనిషి, పళ్లు తీయడానికి గట్టి వ్యతిరేకి. ఆయన శిష్యుడే చార్లెస్ ట్వీడ్, గురువు చెప్పినట్టే చేసి, తన పేషెంట్లలో చాలామందికి పళ్లు మళ్లీ చెదిరిపోవడం, మూతి ముందుకు పొడుచుకు రావడం చూసి, వాళ్లకే పళ్లు తీసి మళ్లీ ట్రీట్‌మెంట్ చేశాడు. ఇవాళ ఎవరూ అందరికీ తీయాలనీ అనరు, ఎవరికీ తీయకూడదనీ అనరు, కొలిచి చూసి నిర్ణయిస్తారు. కొలవడమంటే పాప పళ్ల అచ్చులో గానీ స్కాన్‌లో గానీ ఎంత చోటు ఉంది ఎంత కావాలి అని లెక్క, దాంతోపాటు పక్క నుంచి తీసిన తల ఎక్స్‌రేలో పళ్లు, పెదాలు ఎంత ముందుకున్నాయో చూడటం. ఆ డాక్టరు గారినే అడగండి, ఎంత చోటు తక్కువైంది, తీయకుండా చేస్తే మొహం ఎలా ఉంటుంది, పళ్లు నిలుస్తాయా అని. స్క్రీన్ మీదో అచ్చు మీదో వేలు పెట్టి చూపిస్తూ చెప్పే డాక్టరైతే మీరు సరైన చోటే ఉన్నట్టు.

ఇక టీమ్ సంగతి. క్లిప్పులు అతికించే మొదటి రోజు మీరు లోపల ఉండనిస్తారేమో అడిగి ఒక పక్కన కూర్చోండి, చాలా తెలుస్తుంది. పెదాలు వెనక్కి లాగి పట్టే ప్లాస్టిక్ ముక్క ఒకటి పెడతారు, పళ్లు పాలిష్ చేసి, ఒక్కో పన్ను మీద చిన్న చుక్క జెల్, చాలా చోట్ల నీలం రంగులో ఉంటుంది, అర నిమిషం ఉంచి కడిగేస్తారు, గాలితో ఆరబెడితే ఆ చోటంతా సున్నం పూసినట్టు తెల్లగా కనిపిస్తుంది, దాని మీద జిగురుతో బ్రాకెట్, అంటే వైరుని పట్టి ఉంచే చిన్న ముక్క, పెట్టి నీలం లైటు వేస్తారు. దీంట్లో నొప్పి లేదు, కానీ నోరు తెరిచి చాలాసేపు ఉండాలి, పుల్లటి రుచి తగులుతుంది, మాట్లాడటానికి కుదరదు, పిల్లలకి కంగారొచ్చేది అక్కడే. మంచి అసిస్టెంట్ అయితే ప్రతిదీ ముందే చెప్తుంది, ఇప్పుడు నీళ్లు వస్తాయి, ఇప్పుడు చల్లగాలి, ఆపాలనుకుంటే ఎడమ చెయ్యి ఎత్తు అని. పాప నిజంగా చెయ్యి ఎత్తినప్పుడు ఆపుతున్నారా లేదా చూడండి. నా దృష్టిలో అంతకంటే మంచి పరీక్ష లేదు.

అలాగే బ్రషింగ్ నేర్పేటప్పుడు ఒక కాగితం చేతిలో పెట్టి పంపేస్తున్నారా, లేక అద్దం ముందు పాప చేతికే బ్రష్ ఇచ్చి, వైరు కింద దూర్చే ఆ సన్నటి బ్రష్ ఎలా తిప్పాలో తనతోనే చేయిస్తున్నారా అనేది చాలా పెద్ద తేడా. బ్రాకెట్ చుట్టూ పాచి అలాగే ఉండిపోతే కొన్ని వారాల్లోనే పన్ను మీద తెల్ల మచ్చలు మొదలవుతాయి, క్లిప్పులు తీశాక పళ్లు వరసగా ఉంటాయి గానీ మధ్యలో చతురస్రాలు గీసినట్టు మచ్చలు కనిపిస్తాయి, అది చూసి బాధపడే తల్లిదండ్రులు ఎంతమందో. అందుకని బ్రషింగ్ బాలేదు, ఇది సరిచేసుకునే దాకా తర్వాతి వైరు వెయ్యను అనే డాక్టర్‌ని చూసి నొచ్చుకోకండి, అలా ఆపగలిగినవాళ్లే పిల్ల గురించి ఆలోచిస్తున్నట్టు.

రిసెప్షన్‌లో ఆవిడని ఒక మాట అడగండి, సాయంత్రం వైరు కొస బుగ్గలో గుచ్చుకుంటోందని ఫోన్ చేస్తే మీరేం చెప్తారు అని. మైనం పెట్టండి, ఫోటో పంపండి, రేపు ఫలానా టైముకి రండి, అని వెంటనే చెప్పగలిగితే ఆ క్లినిక్‌లో పద్ధతి ఉన్నట్టు. నెక్స్ట్ అపాయింట్‌మెంట్‌లో చూద్దాం అంటే మాత్రం ఎంత తియ్యగా చెప్పినా అది సరిపోదు. దగ్గర్లో ఉండటం కలిసొచ్చేది కూడా ఇక్కడే, బ్రాకెట్ ఊడటం, రింగు లూజవ్వడం పిల్లల్లో మామూలే, పావుగంట పనికి సగం రోజు ప్రయాణం చేయాల్సి వస్తే మీరే వాయిదా వేస్తారు, అలా వాయిదా వేసిన ప్రతిసారీ ఆ పన్ను వెనక్కి పోయే ప్రమాదం ఉంటుంది.

ఒక విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. ఆ డాక్టరు గారు ఆర్థోడాంటిస్టేనా అని నేరుగా అడగండి, అంటే డెంటల్ డిగ్రీ అయ్యాక మళ్లీ రెండు మూడేళ్లు ఇందులోనే ప్రత్యేకంగా చదివినవాళ్లా అని, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అసిస్టెంట్లు ఫోటోలు తీయడం, రబ్బరు రింగులు మార్చడం లాంటివి చేయొచ్చు, అది తప్పు కాదు, కానీ ప్లాన్ వేసేది, వచ్చిన ప్రతిసారీ నోట్లో చూసి తర్వాత ఏం చేయాలో నిర్ణయించేది ఆ డాక్టరే అవ్వాలి. పెద్ద సెంటర్‌ని అడగాల్సింది కూడా ఇదే, రెండేళ్లూ పాపని చూసేది ఒకే డాక్టరా, వచ్చినప్పుడల్లా వేరేవాళ్లా అని. పెద్ద చోట్లలో చాలా మంచివీ ఉంటాయి, ఒకే డాక్టరు చివరిదాకా చూసే పెద్ద సెంటరైతే దాని మీద నాకే అభ్యంతరమూ లేదు, దూరం ఒక్కటే మీరు ఆలోచించుకోవాల్సింది. ఎక్కడికెళ్లినా పరికరాలు సీల్ వేసిన కవర్‌లోంచి మీ ముందే తీస్తున్నారేమో గమనించండి.

మీ వైపు నుంచి చెప్పాల్సినవీ ఉన్నాయి. పాపకి చెవి పోగులు పెడితే దురద, దద్దుర్లు వచ్చేవా? అయితే తప్పకుండా చెప్పండి, మొదట్లో వేసే మెత్తటి వైర్లలో సగం పైగా నికెలే ఉంటుంది, కావాలంటే వేరే రకం వాడతారు. రబ్బరు గ్లవ్స్ అలర్జీ, ఆస్తమా, గుండె సమస్య, రోజూ వేసుకునే మందులు, పడుకున్నప్పుడు నోటితో గాలి పీల్చుకోవడం, ఇవన్నీ అడక్కపోయినా చెప్పండి. వాళ్లంతట వాళ్లే అడిగితే ఇంకా మంచిది.

వైరు వేసిన మొదటి రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది, వారంలోపు తగ్గిపోతుంది, మెత్తటివి పెట్టండి, అవసరమైతే పాప బరువుకి తగ్గ డోసులో పారాసెటమాల్ వేయొచ్చు, డోసు డాక్టర్‌నే అడగండి. ఐస్ ముక్కలు కొరకడం, పెన్ను మూతలు నమలడం మాన్పించాలి, ఇలాంటివాటివల్ల బ్రాకెట్లు ఊడతాయి. చిగురు కానీ మొహం కానీ వాచినా, జ్వరం వచ్చినా, పన్ను బాగా ఊగుతున్నా ఆగకుండా వెంటనే చూపించండి.

చాలామంది అడగడం మర్చిపోయేది రిటైనర్ గురించి, అంటే క్లిప్పులు తీశాక పళ్లు కదలకుండా పట్టి ఉంచేది. క్లిప్పులు తీసిన రోజుతో ట్రీట్‌మెంట్ అయిపోదు, పన్ను చుట్టూ చిగుళ్లలో సాగిన నారలు మళ్లీ సర్దుకోవడానికి ఏడాది దాకా పట్టొచ్చు, ఈలోగా వదిలేస్తే పన్ను పాత చోటికి లాగబడుతుంది. ఆ తర్వాత కూడా వయసుతోపాటు పళ్లు కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటాయి, అందుకే రాత్రిళ్లు రిటైనర్ ఏళ్ల తరబడి పెట్టుకోమంటాం. అది ప్లాన్‌లో కలిపి ఉందా, విరిగినా పోయినా ఏం చేస్తారు, ఎన్నాళ్లు చూస్తారు అనేది ఇప్పుడే అడిగి రాయించుకోండి.

పాప నవ్వట్లేదని రాశారు, ఆ మాట చదివి మనసుకి కష్టంగా అనిపించింది. దయచేసి తనని నవ్వు నవ్వు అని బలవంతం చెయ్యకండి, స్కూల్లో ఎవరేమన్నారో నెమ్మదిగా అడిగి వినండి, అవసరమైతే టీచర్‌తో మాట్లాడండి. క్లినిక్‌లో కూడా డాక్టరు మీతో మాత్రమే మాట్లాడుతూ ఉంటే పాపని కూడా అడగమనండి, నీకు ఏ పన్ను ఎక్కువ ఇబ్బందిగా ఉంది అని. ఈ వయసు పిల్లలు చెప్పే జవాబు ఒక్కోసారి మనం అనుకున్నది అస్సలు కాదు.

నా సలహా ఏంటంటే, మీ వారిని కూడా తీసుకుని ఇంటి దగ్గర క్లినిక్‌కే ఇంకోసారి వెళ్లండి, పై ప్రశ్నలన్నీ ఆయన్నే అడగనివ్వండి. జవాబులు నచ్చితే అక్కడే మొదలుపెట్టండి. నచ్చకపోతే ఎక్స్‌రేలు, ఫోటోల కాపీలు తీసుకుని వేరే ఆర్థోడాంటిస్ట్ దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి, మంచి డాక్టరు దానికి నొచ్చుకోడు. 12 ఏళ్లంటే వెనక పెద్ద దవడ పళ్లు కూడా వస్తున్న టైము, మొదలుపెట్టడానికి అనువైన వయసే, ఒకటి రెండు వారాలు ఆలోచించుకున్నంత మాత్రాన ఏమీ చెయ్యి దాటిపోదు. ఈలోగా మీరు మామూలుగా చూపించే పళ్ల డాక్టర్ దగ్గర పుచ్చులుంటే ఫిల్లింగ్ చేయించి, పళ్లు క్లీన్ చేయించి ఉంచండి, అవి అవ్వకుండా ఏ క్లినిక్‌లోనూ క్లిప్పులు వెయ్యకూడదు.