నల్లమలకి ఏ నెలలో రావాలి? ఆకు రాలినప్పుడే రండి

ఫిబ్రవరి ఆఖర్లో మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్తుంటే దారి పొడవునా మోడులే కనిపించాయి, అడవి చచ్చిపోతోందా, పచ్చగా ఏ నెలలో ఉంటుంది, చెట్లు గుర్తుపట్టడం ఎలా నేర్చుకోవాలి అని అడిగారు. మాది అచ్చంపేట దగ్గరి పల్లె. టెన్షన్ పడకండి, అడవి బాగానే ఉంది. ఆకు ఉంటే చెట్టులోని తడి దాని గుండా ఆవిరైపోతుంది. వానల్లేని నెలల్లో అంత ఖర్చు భరించలేక చెట్టు ఆకులన్నీ రాల్చేసుకుంటుంది.

పచ్చదనమే కావాలంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో రండి. చెట్లు నేర్చుకోవాలంటే మాత్రం మీరు వచ్చిన ఆ నెలే మంచిది. వానాకాలంలో ఏ చెట్టు చూసినా ఒకటే పచ్చ. నాకు చెట్లు నేర్పింది మేకలు కాసిన మా తాత. "ఆకు జూసి ఎవడన్న జెప్తడు, ఒళ్లు జూసి చెప్పురా" అనేవాడు. తపసి చెట్టు ఒళ్లు, అంటే బెరడు, తెల్లగా, నున్నగా ఉండి కాగితం పొరల్లా లేస్తుంది. చెంచులు బంక తీసేది దాని నుంచే. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. తునికిదీ నల్లటి పగుళ్ల బెరడే, కాకపోతే పలకలు చిన్నవి, బొగ్గు ముక్కలు పేర్చినట్టు. ఈ రెంటి దగ్గరే నేను బోల్తా పడ్డాను. పదేళ్లప్పుడు ఒక చెట్టును తునికి అనుకుని, మే నెలలో పండ్ల కోసం వారం రోజులు దాని చుట్టూ తిరిగాను. చివరికి రెక్కలున్న ఎండుకాయ ఒకటి కింద దొరికింది. అది నల్లమద్ది. తాత ఆ సంగతి ఊరంతా చెప్పాడు.

ఆ మోడుల మధ్యే మోదుగ పూస్తుంది. హోలీకి మేము ఉడకబెట్టి రంగు తీసేది ఆ పూలనే. మార్చి చివరికి ఇప్ప మొదలు. దాన్ని చూడాలంటే తెల్లారేసరికి చెట్టు కింద ఉండాలి. రాత్రి విచ్చిన పూలు పొద్దున్నే టపటపా రాలుతాయి. ద్రాక్షపండంత, లేత పసుపు రంగు. నోట్లో వేసుకుంటే ముందు తీపి, తర్వాత వగరు. ఎలుగుబంట్లకూ అదే ఇష్టం కాబట్టి ఒంటరిగా వెళ్లకండి. పువ్వు ఏరడం తేలికవుతుందని కొందరు కింది ఆకులకు నిప్పు పెడతారు. అదే నాకు కోపం. ఊడ్చుకుంటే సరిపోయేదానికి గుట్టంతా కాలుతుంది.

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు నడిచేవాళ్లకు అడవిలో నీడ ఎంత కరువో తెలుసు. ఆ ఎండల్లోనే రేల చెట్టు పసుపుపచ్చటి పూల గుత్తులు వేలాడదీస్తుంది. మృగశిర చినుకులు పడగానే టేకు చిగురుస్తుంది. లేతాకు అరచేతిలో నలపండి, గోరింటాకు పెట్టినట్టు ఎర్రబడుతుంది. తర్వాత బోడకాకర, బతుకమ్మకు తంగేడు, గునుగు. అప్పుడే సీతాఫలం కూడా. కళ్ల మధ్య గీతలు తెల్లబడితే కోయొచ్చు. చలికాలంలో చిరుమాను ఆకులు ఎర్రబారతాయి.

నేర్చుకునే పద్ధతి అడిగారు కదా. ఒక్క చోటు పట్టుకుని రెండు నెలలకోసారి అక్కడికే రండి, అవే పది చెట్ల బెరడు ఫొటోలు తీసుకోండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే, అందులో మీ ఇష్టానికి బండి దిగి నడవనివ్వరు. అడవి లోపలి ఫర్హాబాద్ వ్యూపాయింట్ చూడాలంటే మన్ననూరు నుంచి అటవీశాఖ సఫారీ ఉంది. నడిచి చూడాలంటే రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం గుట్ట ఎక్కండి, దారి పక్కనే బోలెడు చెట్లు.

డిసెంబరు, జనవరిలో వస్తే మాత్రం పొదల మీద పాకిన తీగకు గోధుమరంగు నూగుతో కాయలు వేలాడుతుంటే చెయ్యి పెట్టకండి. అది దూలగొండి. కింద నిలబడ్డా గాలికి నూగు రాలుతుంది. నేను ఒకసారి గోకి గోకి మెడంతా పుండు చేసుకున్నాను. మా నాయనమ్మ పేడ పూసి, ఆరాక పెచ్చులా లాగేసింది, నూగు దానితోపాటే వచ్చింది.